పాఠకుల ప్రశ్నలకు జవాబులు: ఏసీ/డీసీ పాటలు, గిటార్లు, పాత ఎల్పీలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బ్యాండ్ గురించి ఉన్నాయి. ఆస్ట్రేలియాకు చెందిన ఏసీ/డీసీ. రాసినవాళ్లలో వినేవాళ్లు, వాయించేవాళ్లు, పాత రికార్డులు కొనేవాళ్లు అందరూ ఉన్నారు. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి, కాస్త వివరంగా చెప్పాల్సినవాటికి ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న (పుత్తూరు): మా మామ దగ్గర ‘హై వోల్టేజ్’ ఎల్పీ ఉంది. అందులో 8 పాటలు. ఫోన్లో అదే పేరుతో వినే ఆల్బమ్‌లో 9 ఉన్నాయి. రెండింట్లో కలిసేవి రెండే రెండు. ఇంకా విచిత్రం ఏమంటే, ‘హై వోల్టేజ్’ అనే పాటే మామ రికార్డులో లేదు. అది నకిలీదా సార్?

జవాబు: నకిలీ కాదు. మీరు చెప్పిన గుర్తులన్నీ 1975 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలో ఆల్బర్ట్ ప్రొడక్షన్స్ విడుదల చేసిన మొదటి ఆల్బమ్‌వే. అట్ట మీద కరెంటు సబ్‌స్టేషన్ బొమ్మ ఉందేమో చూడండి. ఫోన్లో మీరు వింటున్నది 1976లో అట్లాంటిక్ సంస్థ మిగతా దేశాల కోసం కూర్చిన మరో ఆల్బమ్. దానికీ అదే పేరు పెట్టారు, గొడవంతా అక్కడే మొదలైంది.

మధ్యలో జరిగింది ఇది. 1975 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలో ‘టీ.ఎన్.టీ.’ అనే రెండో ఆల్బమ్ వచ్చింది. ‘హై వోల్టేజ్’ పాట దాంట్లోది. అట్లాంటిక్ వాళ్లు ‘టీ.ఎన్.టీ.’లోని 9 పాటల్లో 7 తీసుకుని, మొదటి ఆల్బమ్ నుంచి ‘లిటిల్ లవర్’, ‘షీ ఈజ్ గాట్ బాల్స్’ అనే రెండింటిని కలిపారు. మీకు రెండే కలిశాయంటే అవే ఇవి.

మిగిలిన ఆరు పాటల కోసం ఆస్ట్రేలియా బయటివాళ్లు చాలా ఏళ్లు ఆగాల్సి వచ్చింది. వాటిలో నాలుగు 1984లో ‘74 జైల్‌బ్రేక్’ అనే చిన్న రికార్డులో వచ్చాయి. ‘స్టిక్ అరౌండ్’, ‘లవ్ సాంగ్’ అనే రెండూ 2009 నాటి ‘బ్యాక్‌ట్రాక్స్’ పెట్టెలో దొరుకుతాయి. ఆ 1984 రికార్డు పేరు చూసి అన్నీ 1974 నాటివి అనుకోకండి, అందులోని ‘జైల్‌బ్రేక్’ పాట 1976 నాటిది.

మామగారి రికార్డులో డ్రమ్స్ వేరేగా వినిపిస్తాయి, గమనించారా? తర్వాత బ్యాండ్ డ్రమ్మర్ అయిన ఫిల్ రడ్ అప్పటికింకా రాలేదు. ఆ పాటల్లో ఎక్కువ వాటికి స్టూడియో డ్రమ్మర్ టోనీ కరెంటీ వాయించాడు. ‘బేబీ ప్లీజ్ డోంట్ గో’ విని వెంటనే ‘టీ.ఎన్.టీ.’ పాట పెట్టండి, తేడా తెలిసిపోతుంది.

ఇదే తికమక ‘డర్టీ డీడ్స్ డన్ డర్ట్ చీప్’కీ ఉంది. 1976 ఆస్ట్రేలియా ఎడిషన్‌లో ‘జైల్‌బ్రేక్’, ‘ఆర్.ఐ.పీ.’ ఉంటాయి. విదేశీ ఎడిషన్‌లో వాటి బదులు ‘రాకర్’, ‘లవ్ ఎట్ ఫస్ట్ ఫీల్’ వేశారు. అట్లాంటిక్ అమెరికా శాఖ అయితే ఆ ఆల్బమ్‌ను అప్పట్లో వద్దనేసింది. ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ బ్రహ్మాండంగా అమ్ముడయ్యాక, 1981లో మళ్లీ బయటికి తీసి విడుదల చేసింది. అప్పటికి ఆ పాటలు పాడిన బాన్ స్కాట్ చనిపోయి ఏడాది దాటింది. అందుకే పాత రికార్డు కొనేటప్పుడు పేరొక్కటే చూడకూడదు, వెనక అట్ట మీద పాటల వరుస చదవాలి.

ప్రశ్న (చిత్తూరు): స్కూల్ యూనిఫారం, నిక్కరు వేసుకుని స్టేజీ అంతా తిరిగే ఆంగస్ యంగే కదా ఈ బ్యాండ్‌కి ప్రాణం? పక్కన నిలబడి వాయించే అన్న మాల్కమ్‌ని ఎందుకంత గొప్పగా చెబుతారు?

జవాబు: 1973 నవంబర్‌లో సిడ్నీలో ఈ బ్యాండ్‌ను మొదలుపెట్టింది అన్నదమ్ములిద్దరూ కలిసే. గ్లాస్గోలో పుట్టి, 1963లో కుటుంబంతో ఆస్ట్రేలియాకు వలస వచ్చినవాళ్లు. మొదటి ప్రదర్శన 1973 డిసెంబర్ 31 రాత్రి సిడ్నీలోని చెకర్స్ అనే క్లబ్బులో జరిగింది. వాళ్ల అన్న జార్జ్ యంగ్ అంతకుముందే ఈజీబీట్స్ బ్యాండ్‌తో 1966లో ‘ఫ్రైడే ఆన్ మై మైండ్’ అనే హిట్ ఇచ్చాడు. తమ్ముళ్ల తొలి ఆల్బమ్‌లకు జార్జ్, అతని జతగాడు హ్యారీ వాండా నిర్మాతలు.

మాల్కమ్ గొప్పతనం చెవికే అందుతుంది, కంటికి అందదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని ‘హైవే టు హెల్’ వినండి. ఒక గిటార్ ఒక చెవిలో, ఇంకోటి ఇంకో చెవిలో ఉంటుంది. సోలో మొదలైనప్పుడు ఏ గిటార్ తన దారిన తాను మారకుండా సాగుతుందో అది మాల్కమ్‌ది. ఇప్పుడు ఆ వైపు చెవి ఒక్కటే ఉంచి పాట మొత్తం మళ్లీ వినండి. ప్రతి కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాల గుంపు) ఎప్పుడు మోగాలో ఎంత కచ్చితంగా ఉందో, ఎప్పుడు ఆగాలో కూడా అంతే కచ్చితంగా ఉంటుంది. డ్రమ్మర్ ఫిల్ రడ్, 1977లో వచ్చిన బాస్ వాద్యకారుడు క్లిఫ్ విలియమ్స్ ఇద్దరూ ఆ చేతినే పట్టుకుని నడుస్తారు. పాటను నిలబెట్టేది అది. ఆంగస్ ఎగిరి గంతులేయగలిగాడంటే కింద అంత గట్టి నేల ఉండబట్టే.

ఆయన గిటార్ 1963 నాటి గ్రెచ్ జెట్ ఫైర్‌బర్డ్, హ్యారీ వాండా దగ్గర నుంచి వచ్చింది. ఎర్ర రంగు గీకేసి ఉత్త చెక్క చేశాడు. తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లలో బ్రిడ్జి (తీగలు ఆనే కింది చివర) దగ్గర ఉన్న ఒక్కదాన్నే ఉంచి మిగతావి పీకేశాడు, ఆ గుంతలు అలాగే కనిపిస్తుంటాయి. తీగలు మరీ లావు: అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన సన్నది 12, లావుది 56, మూడో తీగ కూడా చుట్టు తీగే. ఆంగస్ వాయించే గిబ్సన్ ఎస్‌జీ గిటార్‌కు సన్న తీగ 9 మాత్రమే. లావు తీగ గట్టిగా కొట్టినా శ్రుతి వదలదు, స్వరం చెదరదు. పైగా మాల్కమ్ యాంప్లిఫయర్‌ను పగిలిపోయేంతగా పెంచేవాడు కాదు, శబ్దం కాస్త గరుకెక్కే హద్దులో ఆపేవాడు. చేత్తో గట్టిగా కొడితే గరుకు, మెల్లగా కొడితే శుభ్రం.

మతిమరుపు వ్యాధి వల్ల 2014లో ఆయన తప్పుకున్నాడు. 2017 నవంబర్ 18న చనిపోయాడు. అన్న జార్జ్ అంతకు నెలలోపే, అక్టోబర్ 22న పోయాడు. మాల్కమ్ స్థానంలో ఇప్పుడు వాయిస్తున్న స్టీవీ యంగ్ వాళ్ల అన్న కొడుకే. 1988 అమెరికా యాత్రలో కూడా అతనే చిన్నాన్న బదులు నిలబడ్డాడు.

ప్రశ్న (తిరుపతి, ఇంజినీరింగ్ విద్యార్థి): ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ వాయిస్తా ఉన్నా అన్నా. కార్డ్స్ కరెక్టే. డిస్టార్షన్ పెడల్ ఫుల్లుగా పెట్టినా రికార్డులో ఉన్న బరువు రావడం లేదు. దోమల గుంపు మూగినట్టు ఉంది.

జవాబు: ఫుల్లుగా పెట్టడమే తప్పు. ఏసీ/డీసీ శబ్దంలో డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరుకు చేయడం) మీరనుకుంటున్న దాంట్లో సగం కూడా ఉండదు. డిస్టార్షన్ ఎక్కువైన కొద్దీ మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకే ఎత్తులో మోగుతుంది, తీగ తీగ విడిగా వినబడదు, కార్డ్ ముద్దైపోతుంది. బరువు అనిపించేది దెబ్బకూ నిశ్శబ్దానికీ మధ్య ఉన్న తేడా. దాన్నే మీ పెడల్ తినేస్తోంది.

ఇలా చేయండి. పెడల్ తీసి పక్కన పెట్టండి. గిటార్‌లో బ్రిడ్జి పికప్ ఎంచుకోండి. యాంప్‌లో గెయిన్ (గరుకును పెంచే నాబ్) పదికి 4 దగ్గర, బాస్ 4, మిడ్ 7, ట్రెబుల్ 6 దగ్గర మొదలుపెట్టండి. ఓపెన్ ఇ కార్డ్ ఒక్కసారి కొట్టి వినండి. ఆరు తీగలూ విడివిడిగా తెలియాలి. తెలియకపోతే గెయిన్ ఇంకొంచెం తగ్గించండి. మనవాళ్లు ఎక్కువమంది చేసే ఇంకో పని మిడ్‌ను, అంటే మధ్యస్థాయి శబ్దాన్ని, సున్నాకు తీసుకెళ్లడం. గదిలో ఒక్కరే వాయిస్తే అది బాగానే ఉంటుంది, కానీ డ్రమ్స్, బాస్ కలిసేసరికి గిటార్ మాయమైపోతుంది. గిటార్ ఉండేదే మిడ్‌లో.

ఇక చెయ్యి. ఆ రిఫ్‌లో (పాటలో మళ్లీ మళ్లీ తిరిగే గిటార్ ముక్క) ఇ ఒకసారి, డి మూడుసార్లు, ఎ మూడుసార్లు, ఆ తర్వాత చిన్న లీడ్ ముక్క. వేగం నిమిషానికి 92, 94 బీట్ల మధ్య. ఇ కొట్టాక వచ్చే ఖాళీలో తీగ మోగుతూ ఉండకూడదు. కుడి అరచేతి అంచుతో, ఎడమచేతి వేళ్లు కొద్దిగా పైకి లేపి, రెండు చేతులతో కలిపి ఆపండి. ఒక్క చెయ్యితో ఆపితే ఏదో ఒక తీగ కూస్తూనే ఉంటుంది. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను 70లో పెట్టి, ఖాళీల్లో కాలితో తాళం వేస్తూ సాధన చేయండి. ఖాళీలో తొందరపడి ముందుకెళ్లడమే ఈ పాటలో అందరూ పడే గుంత.

డ్రమ్మర్‌కు కూడా ఒక మాట చెప్పండి. ఫిల్ రడ్ హై హ్యాట్ మీద తాళం నడుపుతూ, కిక్, స్నేర్ డ్రమ్ముల దెబ్బలు తప్ప ఇంకేం చేయడు. అవకాశం దొరికిందని రోల్స్ వేస్తే రిఫ్ కూలిపోతుంది.

రికార్డులోని లీడ్ గిటార్‌కు ఉన్న మెరుపులో కొంత, ఆ రోజుల్లో ఆంగస్ వాడిన షాఫర్ వేగా అనే వైర్‌లెస్ పెట్టె నుంచి వచ్చింది. అది సిగ్నల్‌ను నొక్కి, కాస్త పెంచి యాంప్‌కు పంపేది. స్టూడియోలో కూడా దాన్నే వాడాడు. మీకు ఆ పెట్టె అక్కర్లేదు, సోలో వరకు గిటార్ వాల్యూమ్ 7లో ఉంచి, సోలో రాగానే 10కి తిప్పండి చాలు.

ప్రశ్న (తిరుపతి, సంగీత కళాశాల విద్యార్థిని): నేను వీణ నేర్చుకుంటున్నాను. తమ్ముడి గిటార్ మీద ‘థండర్‌స్ట్రక్’ మొదటి భాగం పట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఇది మీకు అందరికంటే సులువుగా అర్థమవుతుంది. 1990 నాటి ‘ద రేజర్స్ ఎడ్జ్’ ఆల్బమ్‌లో మొదటి పాట. ఆ మొదలు మొత్తం ఒకే తీగ మీద నడుస్తుంది, గిటార్ కింది నుంచి రెండోది, బి తీగ. ఆ ఖాళీ తీగను షడ్జమం అనుకోండి. 4వ మెట్టు అంతర గాంధారం, 7వ మెట్టు పంచమం. స గ స ప, స గ స ప అని తిరుగుతుంది. తర్వాత 5, 8 మెట్లకు జరగండి, అవి శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. స మ స ద, స మ స ద. ప్రతి స్వరానికీ మధ్య షడ్జమం మోగుతూనే ఉంటుంది కాబట్టి శ్రుతి పెట్టె అక్కర్లేదు.

చూపుడువేలు 4 మీద, చిటికెనవేలు 7 మీద పెట్టండి. 5, 8కి వెళ్లేటప్పుడు చేయి మొత్తం ఒక మెట్టు జరగాలి, వేళ్లు సాగదీయకూడదు. చిటికెనవేలు బలం చాలక ఉంగరపు వేలు వాడేవాళ్లున్నారు, వేగం పెరిగినప్పుడు అదే అడ్డొస్తుంది.

రికార్డు వేగం నిమిషానికి 133 బీట్లకు దగ్గర. బీట్‌కు నాలుగు స్వరాలు, అంటే సెకనుకు దాదాపు 9. మొదట 60లో పెట్టి, తప్పు లేకుండా ఒక నిమిషం నడిచాకే 5 పెంచండి. 90, 100 మధ్య చాలామంది ఆగిపోతారు. కారణం కుడిచెయ్యి: పిక్‌ను తీగ లోపలికి మరీ లోతుగా పెడుతున్నారు. మొన మాత్రమే తగలాలి, కదలిక మణికట్టు నుంచి రావాలి, మోచేయి నుంచి కాదు. స్వరాలను ఎడమచేతి వేలితో కొట్టి, లాగి పలికించే పద్ధతి కూడా ఉంది, అందులో కుడిచేతికి పని తగ్గుతుంది. మొదట్లో అది తేలిక, కానీ దెబ్బ మొనదేలి ఉండదు.

పక్క తీగలు కూస్తుంటే సిగ్గుపడకుండా వాటి మీద టేపు వేయండి. ఈ పాట కట్టేటప్పుడు ఆంగస్ కూడా బి తీగ తప్ప మిగతావాటికి టేపు వేసే మొదలుపెట్టాడు.

ప్రశ్న (తిరుపతి, కాలేజీ బ్యాండ్): ఫంక్షన్ హాల్లో మా ప్రోగ్రాం ఉంది. రిహార్సల్లో యాంప్ ఒకటే హమ్మింగ్. ఎర్త్ పిన్ విరిచేస్తే పోతుందని సౌండ్ ఆయన చెప్పినాడు. ఇంకో యాంప్‌ను మా వాడి అన్న అమెరికా నుంచి తెచ్చినాడు, దాన్ని వాడొచ్చా?

జవాబు: ఎర్త్ పిన్ మాత్రం విరవకండి. హమ్మింగ్ తగ్గొచ్చు, కానీ యాంప్ లోపల ఏదైనా తేడా వస్తే కరెంటు గిటార్ తీగల్లోకి వస్తుంది. మీ చెయ్యి తీగ మీద, పెదవి మైక్‌కు తగిలితే ఒంట్లోంచి పోతుంది. 1972లో స్టోన్ ద క్రోస్ అనే బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వే వేల్స్‌లోని స్వాన్సీలో స్టేజీ మీదే కరెంటు షాక్‌తో చనిపోయాడు. ఆ ఎర్త్ పిన్ ఉన్నది దీనికోసమే.

ముందు ఆ మోత ఏమిటో తేల్చండి. గిటార్ వాల్యూమ్ సున్నా చేస్తే మోత పోతుందా? పోతే అది గిటార్ పట్టుకుంటున్నది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ అయితే ట్యూబ్‌లైట్లు, సీరియల్ సెట్లు, డిమ్మర్లు అన్నీ దాంట్లోకి ఎక్కుతాయి. గిటార్ పట్టుకుని నిలబడ్డ చోటే గుండ్రంగా తిరగండి, ఒక దిక్కున తగ్గుతుంది. హంబకర్ (మోతను తగ్గించే రెండు చుట్టల పికప్) ఉన్న గిటార్ అయితే ఈ బాధ చాలా తక్కువ, ఆంగస్ ఎస్‌జీలో ఉన్నవి అవే. వాల్యూమ్ సున్నా చేసినా మోత పోలేదంటే గ్రౌండ్ లూప్. గిటార్ యాంప్ ఒక గోడ ప్లగ్గులో, మిక్సర్ ఇంకో గోడ ప్లగ్గులో ఉండి, రెండు ఎర్త్‌ల మధ్య తేడా ఉంటే 50 హెర్ట్‌జ్ మోత వస్తుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి తెచ్చి చూడండి. యాంప్ నుంచి మిక్సర్‌కు లైన్ వెళ్తుంటే మధ్యలో డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టి దాని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. అది సిగ్నల్ తీగలోని ఎర్త్‌ను మాత్రమే విడగొడుతుంది, కరెంటు ఎర్త్ చెక్కుచెదరదు. పెళ్లి లైటింగ్, మీ యాంప్‌లు ఒకే ఫేజ్ మీద ఉండకుండా ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడుకోండి. జనరేటర్ మీదికి మారేటప్పుడు యాంప్ ఆఫ్‌లో ఉండాలి, ఆ క్షణంలో వోల్టేజ్ ఎగిరి ఫ్యూజ్ పోతుంది.

అమెరికా యాంప్ విషయం. వెనక ప్లేట్ చదవండి. 120 వోల్టులు మాత్రమే ఉంటే మన 230 వోల్టుల్లో నేరుగా పెడితే కాలిపోతుంది. పిన్ ఆకారం మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజ్‌ను మార్చదు, చాలా యాంప్‌లు పోయేది ఈ పొరపాటు వల్లే. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. యాంప్ ‘50 వాట్లు’ అంటే స్పీకర్‌కు ఇచ్చేది, గోడ నుంచి లాగేది అంతకు రెండు మూడు రెట్లు ఉంటుంది. ప్లేట్ మీద వాడకం ఎంతని రాసుందో దానికి కనీసం ఒకటిన్నర రెట్ల సామర్థ్యం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. ‘50/60 హెర్ట్‌జ్’ అని ఉందో లేదో కూడా చూడండి. 60 మాత్రమే ఉంటే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ ఎక్కువ వేడెక్కుతుంది, గంటలకొద్దీ నడపడం మంచిది కాదు. వోల్టేజ్ మార్చే స్విచ్ ఉన్న యాంప్ అయితే స్విచ్‌తోపాటు ఫ్యూజ్ కూడా మార్చాలి.

ఇంకోటి. స్టేజీ మీద చెవులకు ఫోమ్ ప్లగ్గులు పెట్టుకోండి. 85 డెసిబెల్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చని లెక్క. ప్రతి 3 డెసిబెల్‌కు ఆ సమయం సగమవుతుంది, 100 డెసిబెల్ దగ్గర 15 నిమిషాలే. ఫంక్షన్ హాల్లో ఆ స్థాయి దాటడం ఏమంత కష్టం కాదు. 2016లో ఏసీ/డీసీ గాయకుడు బ్రయాన్ జాన్సన్ వినికిడి పూర్తిగా పోయే ప్రమాదం ఉందని డాక్టర్లు చెప్పడంతో యాత్ర మధ్యలో ఆగిపోయాడు. మిగిలిన ప్రదర్శనల్లో గన్స్ ఎన్ రోజెస్ బ్యాండ్ గాయకుడు ఆక్సెల్ రోజ్ పాడాడు.

ప్రశ్న (శ్రీకాళహస్తి): ‘హెల్స్ బెల్స్’ మొదట్లో మోగేది నిజం గంటేనా? కీబోర్డులో చేసిందా?

జవాబు: నిజం గంటే. 1980 ఫిబ్రవరి 19న బాన్ స్కాట్ లండన్‌లో చనిపోయాడు, వయసు 33. రెండు నెలలకే కొత్త గాయకుడు బ్రయాన్ జాన్సన్‌తో బహామాస్ దీవుల్లోని నసావులో కంపాస్ పాయింట్ స్టూడియోలో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ మొదలుపెట్టారు. నిర్మాత మట్ లాంగ్, ఇంజినీర్ టోనీ ప్లాట్. పోయినవాడి కోసం చావుగంటతో ఆల్బమ్ మొదలవ్వాలన్నది ఆలోచన. అట్ట నల్లగా ఉండటం కూడా అందుకే. కనీసం బ్యాండ్ పేరు చుట్టూ బూడిదరంగు గీతైనా ఉండాలని రికార్డు సంస్థ పట్టుబట్టింది.

ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో జాన్ టేలర్ వాళ్ల గంటల ఫౌండ్రీకి 2,000 పౌండ్ల బరువున్న కంచు గంట పురమాయించారు. మన లెక్కలో 907 కిలోలు. అది సిద్ధం కాకముందే రికార్డింగ్ టైం వచ్చేసింది. దాంతో అదే ఊళ్లో యుద్ధ స్మారక గోపురంలోని పెద్ద గంటను రికార్డు చేయబోయారు. గంట కొట్టినప్పుడల్లా గోపురంలో గూళ్లు కట్టుకున్న పక్షులు ఒక్కసారిగా లేచి, రెక్కల చప్పుడు మైకుల్లో పడింది. చివరికి ఫౌండ్రీలోనే, తమ గంటనే, మొబైల్ స్టూడియో వాహనం తెప్పించి రికార్డు చేశారు. ఆ గంట తర్వాత బ్యాండ్‌తోపాటు స్టేజీలెక్కింది. జాన్సన్ దాన్ని సుత్తితో కొట్టేవాడు.

అది ఎందుకంత దిగులుగా మోగుతుందంటే, టేలర్ వాళ్లు గంట లోపలి కంచును లేత్ మీద కొద్దికొద్దిగా చెక్కి ఐదు స్వరాలను శ్రుతి చేస్తారు. కొట్టగానే వినిపించే స్వరం ఒకటి, దానికి ఒక స్థాయి కింద ఎక్కువసేపు నిలిచే హోరు ఒకటి, పైన పంచమం, పై షడ్జమం. వీటి మధ్యలో ఉన్నది సాధారణ గాంధారం. పెద్ద గంట ఏదైనా కొంత శోకంగా అనిపించేది ఆ గాంధారం వల్లే. హెడ్‌ఫోన్లో మొదటి దెబ్బ మోగి తగ్గేదాకా వింటే కింది హోరు ఆఖరిదాకా మిగలడం తెలుస్తుంది.

ప్రశ్న (పలమనేరు): చెన్నైలో పాత రికార్డుల అంగట్లో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఎల్పీ దొరికింది. కొనేటప్పుడు ఏం చూడాలి? ఎండాకాలం ఎలా దాచేది?

జవాబు: కొనేముందు రికార్డును లైటు కింద వంచి చూడండి. సన్నటి గీతలు పైపైన ఉంటే ఫర్వాలేదు, గోరు అంచుతో తాకితే తగిలే గీత ప్రతి చుట్టుకూ టక్కుమంటుంది. గాడులు బూడిదరంగులో మసకబారి ఉంటే అరిగిన సూదితో చాలాసార్లు వాయించారని అర్థం, అది కడిగినా పోదు. మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద గీతల గజిబిజి ఉంటే బాగా వాడిన రికార్డు. కళ్ల ఎత్తులో అడ్డంగా పట్టుకుని చూస్తే వంకర తెలుస్తుంది. మొదటి అమెరికా ఎడిషన్ నంబర్ ఎస్‌డీ 16018, ఇంగ్లండ్‌ది కె 50735. అట్ట వీపు మీదా, లేబుల్ మీదా ఒకే నంబర్ ఉండాలి. అట్ట ఒకటి, లోపల రికార్డు ఇంకోటి పెట్టి అమ్మడం పాత అంగళ్లలో మామూలే.

కడగడానికి బోరునీళ్లు వాడొద్దు. మన దగ్గర నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక గాడుల్లో తెల్లటి పొర మిగిలి చిటపటలాడుతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ లీటరు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒకట్రెండు చుక్కలు. లేబుల్ తడవకుండా మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడుల వెంబడి గుండ్రంగా తుడవండి, అడ్డంగా తుడవొద్దు. మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. ఇంట్లో తాతల కాలం నాటి 78 స్పీడు గ్రామఫోన్ రికార్డులుంటే వాటి దరిదాపుల్లోకి స్పిరిట్ తీసుకురావొద్దు. అవి లక్కతో చేసినవి, స్పిరిట్‌కు కరిగిపోతాయి.

ఎల్పీ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో తిరుపతి ఎండలో తలుపులు మూసిన కారు లోపల ఆ వేడి సులువుగా వస్తుంది. చెన్నై నుంచి వచ్చేటప్పుడు కాఫీకి ఆగితే రికార్డును వెంట తీసుకెళ్లండి. ఇంట్లో నిటారుగా నిలబెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగున ఉన్నవి బరువుకు వంగుతాయి, ఏటవాలుగా వాలిస్తే అదే వంపు నిలిచిపోతుంది. పడమటి గోడ, మిద్దె కింద అటక రెండూ పనికిరావు. వంగిన రికార్డును అద్దాల మధ్య పెట్టి ఎండలో సరిచేసే చిట్కా ఉంది, కానీ వంకర పోయినా గాడులు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. విలువైన రికార్డు మీద ఆ ప్రయోగం చేయకండి.

పొట్టి ప్రశ్నలు

మదనపల్లె నుంచి: బ్యాండ్ పేరుకు దెయ్యాలతో సంబంధం ఉందా? లేదు. అక్క మార్గరెట్ కుట్టు మిషన్ మీద ‘ఏసీ/డీసీ’ అన్న అక్షరాలు చూసి చెప్పింది. ఆంగస్‌కు స్కూల్ యూనిఫారం ఆలోచన కూడా ఆమెదే.

కుప్పం నుంచి: బ్రయాన్ జాన్సన్‌లా పాడబోతే గొంతు పోతోంది. గొంతు నొక్కి అరవడం ఆపండి. గిటార్లన్నీ రెండు మెట్లు కిందికి శ్రుతి చేసుకుంటే వాయింపు మారదు, పాట కిందికొస్తుంది. బాన్ స్కాట్ పాడిన పాటలు ఇంకా సులువు, మాటల్లా సాగుతాయి. బొంగురు రెండు వారాలు దాటితే చెవి ముక్కు గొంతు డాక్టర్‌ను కలవండి.

చంద్రగిరి నుంచి: పాత పాటలన్నీ ఫోన్లో దొరుకుతాయా? దొరుకుతాయి. చాలాకాలం వాళ్లు ఆల్బమ్‌లను పాటలుగా విడగొట్టి అమ్మడానికి ఒప్పుకోలేదు. 2012 నవంబర్‌లో ఐట్యూన్స్‌కు, 2015 జూన్ 30న స్ట్రీమింగ్‌కు ఇచ్చారు.

రేణిగుంట నుంచి: ‘బ్యాక్ ఇన్ బ్లాక్’, ‘హైవే టు హెల్’ విన్నాక మూడోది ఏది? 1978 నాటి ‘పవరేజ్’. పెద్ద హిట్ ఒక్కటీ లేదు, కానీ మాల్కమ్ చెయ్యి, బాన్ స్కాట్ రాసిన మాటలు ఇంత బాగా కలిసిన రికార్డు వాళ్లలో ఇంకోటి లేదని మా అభిప్రాయం. ‘డౌన్ పేమెంట్ బ్లూస్’తో మొదలుపెట్టండి. వెంటనే అదే ఏడాది గ్లాస్గో అపోలో థియేటర్‌లో రికార్డు చేసిన ‘ఇఫ్ యూ వాంట్ బ్లడ్ యూవ్ గాట్ ఇట్’ పెట్టండి. ‘పవరేజ్’లోని ‘రిఫ్ రాఫ్’ అందులోనూ ఉంది. స్టూడియోలో కంటే స్టేజీ మీద వేగం ఎంత పెరిగిందో మెట్రోనోమ్ పక్కన పెట్టుకుని చూడండి.